నీళ్ల సీసాను నిషేధిస్తే చెత్త ఎందుకు పెరిగింది?

అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయం 2013 జనవరి నుంచి తన క్యాంపస్‌లో సీసా నీళ్ల అమ్మకాన్ని ఆపేసింది. విద్యార్థులు ఎంతో కాలం ప్రచారం చేసి సాధించుకున్న నిషేధం అది. ఎవరి సీసాలో వారు నీళ్లు పట్టుకునేందుకు వీలుగా కుళాయిలను మార్చారు. సొంత సీసా వాడమని ప్రచారం చేశారు. ఇక క్యాంపస్‌లో ప్లాస్టిక్ సీసాలు తగ్గుతాయని అందరూ అనుకున్నారు.

అక్కడి పరిశోధకులు ఎలిజబెత్ బెర్మన్, రేచెల్ జాన్సన్ ఆ నమ్మకాన్ని లెక్కలతో సరిచూశారు. క్యాంపస్‌కు ఏ పానీయం ఎన్ని సీసాలు దిగుమతి అయిందో సెమిస్టర్ల వారీగా తీసి, అక్కడి జనాభాతో భాగించారు. నిషేధానికి ముందు తలకు 21.8 సీసాలుగా ఉన్నది నిషేధం తర్వాత 26.3కు చేరింది. అంటే సీసాలు దాదాపు అయిదో వంతు పెరిగాయి. వాటితో పాటు ఒక్కొక్కరు తాగే చక్కెర కూడా పెరిగింది. ఈ ఫలితాలు 2015లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో అచ్చయ్యాయి.

జరిగింది అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. దాహం వేసి యంత్రం ముందుకు వచ్చిన విద్యార్థి చేతిలో సీసా లేదు. యంత్రంలో నీళ్లు లేవు, కానీ పక్క గడిలో శీతల పానీయం ఉంది. అదీ ప్లాస్టిక్ సీసాలోనే ఉంది. నిషేధం నీళ్లను తీసేసింది గానీ దాహాన్నీ, సీసానీ తీసేయలేదు.

ఇక్కడ గమనించాల్సింది మరొకటి ఉంది. ఆ పరిశోధకులు నీళ్ల సీసాలను మాత్రమే లెక్కపెట్టి ఉంటే, అవి సున్నాకు పడిపోయాయి కాబట్టి నిషేధం నూటికి నూరు పాళ్లు ఫలించినట్టే తేలేది. అన్ని సీసాలనూ లెక్కపెట్టారు కాబట్టే అసలు సంగతి బయటపడింది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను తగ్గించాలనుకునే ఏ విద్యాసంస్థకైనా ఇది పనికొచ్చే పాఠం. నిషేధించిన వస్తువు కనపడకుండా పోవడం ఒకటి, చెత్త తగ్గడం మరొకటి.

జాబితాలో ఉన్నవి, లేనివి

మన దేశంలో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2019లోనే ఉన్నత విద్యాసంస్థలను క్యాంపస్‌లలో ఒక్కసారి వాడే ప్లాస్టిక్‌ను మానమని కోరింది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలను సవరించి, 2022 జులై 1 నుంచి కొన్ని వస్తువుల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించింది. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, ట్రేలు, ఐస్‌క్రీం పుల్లలు, అలంకరణకు వాడే థర్మోకోల్, మిఠాయి పెట్టెల మీద చుట్టే పొర, 100 మైక్రాన్ల కన్నా పలచని ఫ్లెక్సీ బ్యానర్లు ఆ జాబితాలో ఉన్నాయి.

చేతిసంచుల సంగతి వేరు. వాటిని పూర్తిగా నిషేధించలేదు, మందం పెంచారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మందం పెంచితే ప్లాస్టిక్ ఎక్కువ పడుతుంది కదా అన్న సందేహం రావడం సహజం. దీని వెనక లెక్క వేరు. పలచని కవరు దాదాపు ఉచితంగా వస్తుంది కాబట్టి కొట్టువాడు అడక్కుండానే ఇస్తాడు. పారేశాక గాలికి ఎగురుతుంది, కిలో పోగవ్వాలంటే వందల కవర్లు ఏరాలి కాబట్టి చెత్త ఏరేవారూ ముట్టుకోరు. మందపాటి సంచికి ధర ఉంటుంది. కొనేవాడు మళ్లీ వాడతాడు, ఏరేవాడికి నాలుగు డబ్బులు వస్తాయి.

జాబితాలో లేనివి కూడా తెలియాలి. నీళ్ల సీసాలు, పాల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, షాంపూ సాచెట్లు అందులో లేవు. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు కప్పు కూడా కేంద్ర జాబితాలో లేదు. తమిళనాడు మాత్రం 2019 జనవరి 1 నుంచే అలాంటి కప్పులనూ తన నిషేధంలో చేర్చింది. కాబట్టి గేటు దగ్గర ‘ప్లాస్టిక్ రహిత ప్రాంగణం’ అని బోర్డు పెట్టుకున్న కాలేజీలో కూడా క్యాంటీన్ వెనకకు వెళ్లి చూస్తే తెల్లటి కప్పుల గుట్ట కనిపించవచ్చు. ఆ బోర్డు అబద్ధమని అక్కడ చాలామందికి తెలియదు. కాగితమే కదా అనుకుంటారు.

కాగితపు కప్పు లోపల

ఉత్త కాగితంలో వేడి టీ పోస్తే కాసేపటికే నాని కారిపోతుంది. అందుకే కప్పు లోపలి వైపు పలచని పాలిథీన్ పొర అతికిస్తారు. ఐఐటీ ఖరగ్‌పూర్ సివిల్ ఇంజనీరింగ్ విభాగంలో సుధా గోయల్ బృందం ఈ పొర మీద ప్రయోగం చేసింది. 85 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న 100 మిల్లీలీటర్ల నీటిని కప్పుల్లో పోసి 15 నిమిషాలు ఉంచారు. టీ కొనుక్కుని కబుర్లు చెప్పుకుంటూ తాగడానికి పట్టే సమయం అది. ఆ కాస్త సేపట్లోనే నీటిలోకి సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరినట్టు తేలింది. రోజుకు మూడు టీలు తాగేవారికి ఇది 75,000 రేణువులు అవుతుంది. ఫ్లోరైడ్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్ అయాన్లు కూడా కప్పు నుంచి నీటిలోకి వచ్చాయి. ఈ రేణువులు శరీరంలో ఎంత హాని చేస్తాయన్నది ఇంకా పరిశోధన సాగుతున్న విషయం. కప్పు ‘ఉత్త కాగితం’ కాదన్నది మాత్రం ఈ ప్రయోగంతో స్పష్టమైంది.

ఈ పొర వల్ల మరో చిక్కు ఉంది. కాగితాన్నీ పాలిథీన్‌నూ విడదీస్తే తప్ప రెంటిలో ఏదీ తిరిగి వాడకానికి రాదు. టీ మరకలతో తడిసిన కప్పులను విడదీసే ఏర్పాటు మామూలు కాగితపు మిల్లుల్లో ఉండదు. పాత పేపర్లు కొనేవాడికి ఇస్తే తీసుకోడు. చిత్రమేమిటంటే, అందరూ తిట్టే నీళ్ల సీసాకు తుక్కు కొట్టులో ధర పలుకుతుంది. పర్యావరణ హితమనుకున్న కప్పుకు పలకదు. ప్లాస్టిక్ కప్పును తీసేసి ఆ స్థానంలో కాగితపు కప్పు పెట్టిన క్యాంటీన్ చెత్త పేరు మార్చింది, అంతే.

పరిమాణం ఏ మేరకు ఉంటుందో ఊహించడానికి ఒక చిన్న లెక్క చాలు. 5,000 మంది ఉన్న విశ్వవిద్యాలయంలో ఒక్కొక్కరు రోజుకు రెండు టీలు తాగుతారనీ, ఏడాదిలో 200 రోజులు క్యాంపస్‌లో ఉంటారనీ అనుకుందాం. 20 లక్షల కప్పులు అవుతాయి. ఒక్కొక్క కప్పు పనిచేసేది పది పదిహేను నిమిషాలు.

ముందు తూచాలి

కాబట్టి మొదటి పని చెత్తను లెక్కపెట్టడం. దీన్ని చెత్త ఆడిట్ అంటారు. అందులో పెద్ద యంత్రాల పనేమీ లేదు. ఒక టార్పాలిన్ పరుస్తారు. గ్లవ్స్, మాస్కులు వేసుకున్న విద్యార్థులు హాస్టల్, క్యాంటీన్, తరగతుల బ్లాకుల నుంచి వచ్చిన చెత్తను దాని మీద పోసి రకాలుగా వేరు చేస్తారు. ప్రతి రకాన్నీ తూచి రాసుకుంటారు. నగరాల చెత్తను విశ్లేషించడానికి వాడే అంతర్జాతీయ పద్ధతి ప్రకారం అయితే 91 నుంచి 136 కిలోల మధ్య ఉండే నమూనాలను వారం రోజుల పాటు తీసుకోవాలి. క్యాంపస్‌కు అంత కచ్చితత్వం అవసరం లేకపోయినా, వారం మొత్తం చూడాలన్న నియమం మాత్రం వదలకూడదు. ఆదివారం హాస్టల్ చెత్తకూ బుధవారం చెత్తకూ పోలిక ఉండదు. ఆదివారం బిరియానీ పార్శిళ్లు వస్తాయి.

బరువుతో పాటు సంఖ్యనూ రాసుకోవాలి. బరువు మాత్రమే చూస్తే సాచెట్లూ కవర్లూ లెక్కలోకి రానంత చిన్నవిగా కనిపిస్తాయి. కానీ కాలువలో అడ్డం పడేవి, ఆవు కడుపులో చేరేవి అవే. సంఖ్య మాత్రమే చూస్తే బరువైన సీసాలు వెనకపడతాయి.

వెర్మాంట్ పరిశోధకులు చెత్తకుండీ జోలికి పోకుండా సరఫరా లెక్కలు తీశారు. ఇది ఇంకా తేలికైన దారి. నెలకు ఎన్ని పెట్టెల నీళ్లు, ఎన్ని కట్టల కప్పులు కొన్నారో క్యాంటీన్ బిల్లులు చెబుతాయి. అయితే దీనికి రెండు జాగ్రత్తలు కావాలి. అంకెను తలసరిగా మార్చాలి, లేకపోతే కొత్త హాస్టల్ తెరిచిన ఏడాది ప్రయత్నాలన్నీ విఫలమైనట్టు కనిపిస్తాయి. మార్చి నెలను మార్చితోనే పోల్చాలి. ఏప్రిల్ ఎండల్లో అమ్ముడైన సీసాలను డిసెంబరుతో పోలిస్తే అర్థం లేదు.

బిల్లుల్లోకి రానిది ఒకటుంది. తెలుగు రాష్ట్రాల్లో హాస్టళ్లున్న ప్రతి వీధిలో కర్రీ పాయింట్లు ఉంటాయి. మెస్‌లో కూర నచ్చని రోజు విద్యార్థి అక్కడికి వెళ్తాడు. పొగలు కక్కే సాంబారు, పప్పు, వేపుడు, పెరుగు వేర్వేరు పలచని కవర్లలో పడి, పైన రబ్బరు బ్యాండు బిగుసుకుని, మళ్లీ అన్నీ కలిపి మరో కవర్లోకి చేరతాయి. ఒక్క భోజనానికి అయిదు కవర్లు. ఈ చెత్త క్యాంపస్ గేటు బయట పుట్టి లోపల పడుతుంది. క్యాంటీన్ కాంట్రాక్టులో ఎన్ని షరతులు రాసుకున్నా దీన్ని తాకలేవు. స్టీలు క్యారియర్ తెచ్చినవారికి ఒక గరిటె కూర ఎక్కువ వేసే దుకాణదారుతో మాట్లాడుకోవడం ఇక్కడ సర్క్యులర్ కన్నా బాగా పనిచేస్తుంది.

రెండు రూపాయల తేడా

అలవాట్లు మార్చడానికి తగ్గింపు ఇవ్వాలా, అదనంగా వసూలు చేయాలా? బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన వౌటర్ పోర్టింగా, లూయిస్ విటేకర్ దీన్ని 12 విశ్వవిద్యాలయ, వాణిజ్య ప్రాంగణాల కాఫీ దుకాణాల్లో పరీక్షించారు. వారి ఫలితాలు 2018లో వెలువడ్డాయి. సొంత కప్పు తెచ్చుకున్నవారికి తగ్గింపు ఇస్తే వాడకంలో మార్పు కనపడలేదు. పారేసే కప్పుకు అదనపు రుసుము పెడితే సొంత కప్పుల వాడకం 3.4 శాతం పెరిగింది. పర్యావరణ సందేశాలతో 2.3 శాతం, దుకాణంలోనే మళ్లీ వాడే కప్పులు అమ్మకానికి పెడితే 2.5 శాతం, వాటిని ఉచితంగా పంచితే 4.3 శాతం పెరుగుదల కనిపించింది. ఇవి ఒకదానికొకటి తోడై, అన్నీ కలిపితే 12.5 శాతం దాకా వస్తుందని అంచనా వేశారు.

టీ పది రూపాయలనుకుందాం. గ్లాసు తెచ్చుకుంటే ఎనిమిదే అనడం ఒక పద్ధతి. టీ ఎనిమిది, కప్పు కావాలంటే రెండు అనడం మరో పద్ధతి. జేబులోంచి పోయే డబ్బు రెంటిలోనూ ఒకటే. మనసుకు మాత్రం ఒకటి కాదు. వచ్చే లాభం కన్నా పోయే నష్టం మనిషికి ఎక్కువ బరువుగా తోస్తుందని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో వివరించారు. టీ కొట్టు ధరల పట్టికలో కప్పు ధరను విడిగా రాయడానికి ఈ సిద్ధాంతం చాలు.

అయితే కార్డిఫ్ అంకెలు చిన్నవని కూడా ఒప్పుకోవాలి. అన్ని ఉపాయాలూ కలిపినా మారేది ఎనిమిది మందిలో ఒకరే. మిగతావారికి పని చేసేది వేరే ఉంది. అడక్కుండానే ఏది చేతికి వస్తుందన్నది. ఒకప్పుడు మన క్యాంటీన్లలో అడక్కుండా చేతికి వచ్చింది గాజు గ్లాసే. దాన్ని కడగడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి జీతం కన్నా కప్పుల కట్ట చవక అయిన రోజు గాజు గ్లాసు వెళ్లిపోయింది. 2020లో కోవిడ్ భయం మిగిలిన చోట్ల కూడా దాన్ని తుడిచిపెట్టింది. కాబట్టి గ్లాసును తిరిగి తేవడమంటే కడిగే మనిషిని, ఆయన జీతాన్ని, మంచి సింకును తిరిగి తేవడం. కాంట్రాక్టులో ఆ ఖర్చు రాయకుండా గ్లాసులు పెట్టమంటే రెండో నెలలోనే కప్పులు తిరిగొస్తాయి.

కడిగితే ఎంత ఖర్చు?

గ్లాసు తయారీకి శక్తి కావాలి, కడగడానికీ కావాలి. అలాంటప్పుడు లాభమేమిటి? కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హాకింగ్ 1994లో దీనికి లెక్క కట్టారు. ఆయన అంచనాలో ఒక పింగాణీ కప్పు తయారీకి 14 మెగాజౌళ్లు, గాజు కప్పుకు 5.5, కాగితపు కప్పుకు 0.55, థర్మోకోల్ లాంటి నురగ కప్పుకు 0.2 మెగాజౌళ్లు కావాలి. వేడినీటి యంత్రంలో ఒకసారి కడగడానికి 0.18 మెగాజౌళ్లు పడుతుంది.

గాజు కప్పును వాడిన ప్రతిసారీ ఒక కాగితపు కప్పు మిగులుతుంది, ఒక కడుగుడు ఖర్చవుతుంది. అంటే 0.55లోంచి 0.18 తీసేస్తే మిగిలే 0.37 మెగాజౌళ్లే ఆదా. 5.5ను 0.37తో భాగిస్తే 15. గాజు గ్లాసు పదిహేనుసార్లు వాడితే దాని తయారీ ఖర్చు తీరిపోతుంది. పింగాణీకి 39సార్లు కావాలి. నురగ కప్పుతో పోలిస్తే కథ తలకిందులవుతుంది. అక్కడ తయారీ ఖర్చూ కడుగుడు ఖర్చూ దాదాపు సమానం కాబట్టి పింగాణీ కప్పు వెయ్యిసార్లకు పైగా వాడాలి. శక్తి ఒక్కటే కొలమానమైతే నురగ కప్పు గెలుస్తుంది. అది చెరువులో తేలుతూ ఎన్నేళ్లు ఉంటుందన్నది ఆ లెక్కలో లేదు.

మన దగ్గర గ్లాసులను ఎక్కువగా చేతితో, చన్నీటితో కడుగుతారు. కాబట్టి నీళ్లు కాచే శక్తి మిగులుతుంది. దానికి బదులు నీటి పరిమాణం, శుభ్రత అనే రెండు ప్రశ్నలు ముందుకొస్తాయి. ఒకే బకెట్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గ్లాసులు ముంచి తీస్తే విద్యార్థి కాగితపు కప్పే అడుగుతాడు. అడగడం న్యాయమే.

గుడ్డ సంచులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, భూతాపం దృష్ట్యా ఒక పలచని ప్లాస్టిక్ సంచికి సమానం కావాలంటే నూలు సంచిని 131సార్లు వాడాలి. ప్రతి సదస్సులో అతిథులకు ఒక కొత్త సంచి పంచిపెట్టే విభాగాలు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. పైగా అలా పంచే వాటిలో చాలా భాగం నూలు సంచులే కావు. గుడ్డలా కనిపించే నాన్‌వోవెన్ సంచి పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. నేత ఉండదు, దారాలు పరిచి అద్దినట్టు ఉంటుంది. నియమాల ప్రకారం అది కూడా ప్లాస్టిక్ సంచే, చదరపు మీటరుకు కనీసం 60 గ్రాముల బరువు ఉండాలి.

‘మట్టిలో కలిసిపోయే’ సంచుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కంపోస్టు కాగల ప్లాస్టిక్‌ను పరీక్షించేటప్పుడు దాదాపు 58 డిగ్రీల వేడిలో, ఆరు నెలల్లో, దానిలోని కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలని చూస్తారు. ఆ వేడి పెద్ద కంపోస్టు కుప్ప నడుమ ఉంటుంది, హాస్టల్ వెనక కాలువలో ఉండదు. తడి చెత్తతో కంపోస్టు చేసే ఏర్పాటున్న క్యాంపస్‌లోనే ఆ సంచికి అర్థముంది. భోజనాలకు మాత్రం మనకు పాత జవాబే ఉంది. అడ్డాకులతో, మోదుగాకులతో కుట్టిన విస్తర్లు ఏ పరీక్షా లేకుండానే మట్టిలో కలుస్తాయి. ఆకు కింద మెరిసే పొర అతికించిన యంత్రపు విస్తర్లు అలా కలవవు. కొనేముందు తిప్పి చూడాలి.

నీళ్ల మీద నమ్మకం

చివరికి మళ్లీ నీళ్ల సీసా దగ్గరికే రావాలి. విద్యార్థి ఇరవై రూపాయలు పెట్టి సీసా కొనేది సోకు కోసం కాదు. కారిడార్ చివర ఉన్న కూలర్ నీళ్ల మీద నమ్మకం లేక. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను ఏం చేశాయో చూసిన నేలలో ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. ప్రచార పోస్టర్లు దాన్ని తీర్చలేవు, పరీక్ష ఫలితాలు తీరుస్తాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ఉంది. దాని ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకపోవడం మంచిది. వేరే నీటి వనరు లేనప్పుడు ఇవి 2,000 దాకా, 1.5 దాకా ఉండవచ్చు. ఇ-కోలై బ్యాక్టీరియా అసలు ఉండకూడదు. ఈ పరీక్షలన్నీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ప్రయోగశాలలున్న విశ్వవిద్యాలయం తన విద్యార్థులతోనే చేయించుకోగలదు. ఫలితం, తేదీ, ఫిల్టర్ మార్చిన రోజు కూలర్ మీదే అతికించవచ్చు. మూడు నెలల కిందటి తేదీ కనిపిస్తే విద్యార్థులే అడుగుతారు.

ఇంకో చిన్న విషయం ఉంది. చాలా కూలర్ల కుళాయి గ్లాసు పట్టేంత ఎత్తులోనే ఉంటుంది. లీటరు సీసా నిలబెడితే పట్టదు, వంచితే సగమే నిండుతుంది. వెనక వరుసలో పదిమంది, తరగతికి మూడు నిమిషాలు. అలాంటప్పుడు సొంత సీసా ఉన్నవాడు కూడా దుకాణానికే నడుస్తాడు. కుళాయిని ఓ జానెడు పైకి బిగించడానికి ప్లంబర్‌కు అయ్యే ఖర్చు ఒక అవగాహన సదస్సు ఫ్లెక్సీ కన్నా తక్కువ.

ఇవన్నీ చేసిన సెమిస్టర్ చివర మళ్లీ టార్పాలిన్ పరిచి తూచాలి. ఆ రోజు పట్టికలో తగ్గిన వస్తువుల వరుస కన్నా ముందు చూడాల్సిన వరుస మరొకటుంది: పోయినసారి లేనివి, ఈసారి కొత్తగా వచ్చినవి.